చిన్నదే కదా అని వదిలేసే మాటలు: ఇంగ్లిష్‌లో వాటి వెనుక ఉన్న లెక్కలు

2025 ఆగస్టు చివర్లో అమెరికాకు పోస్టులో పార్సిల్ పంపుదామని వెళ్లిన చాలామంది తెలుగువాళ్లకు ఒక కొత్త మాట ఎదురైంది. అదే 'డి మినిమిస్'. ఆగస్టు 25 నుంచి ఇండియా పోస్ట్ అమెరికా పార్సిళ్లను తీసుకోవడం చాలావరకు ఆపేసింది. మొదట ఉత్తరాలు, పత్రాలు, వంద డాలర్ల లోపు బహుమతులకు మినహాయింపు ఇచ్చినా, కొద్ది రోజులకే అవీ ఆగిపోయాయి. 800 డాలర్ల లోపు విలువైన సరుకును సుంకం లేకుండా రానిచ్చే వెసులుబాటును అమెరికా ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేయడమే ఇందుకు కారణం. ఆ వెసులుబాటును అక్కడ డి మినిమిస్ అంటారు. లాటిన్‌లో దానికి 'అతి చిన్న సంగతుల గురించి' అని అర్థం.

పట్టించుకోనక్కర్లేనంత చిన్నది అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. ట్రివియల్, పెట్టీ, నెగ్లిజిబుల్, పాల్ట్రీ, ట్రైఫ్లింగ్, పికయూన్, నుగేటరీ, పీనట్స్, చికెన్ ఫీడ్... చెప్పుకుంటూ పోతే జాబితా పెద్దదే. నిఘంటువు తిరగేస్తే దాదాపు అన్నిటికీ అల్పమైన, స్వల్పమైన అనే అర్థాలే కనిపిస్తాయి. తెలుగు చదువరికి గందరగోళం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ మాటలు ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు.

సంక్షిప్తంగా

ఈ మాటల్లో ఏదీ వస్తువు సైజును మాత్రమే చెప్పదు. దేనితో పోలిస్తే చిన్నది, ఎవరి దృష్టిలో చిన్నది అనే తీర్పు ప్రతి మాటలోనూ ఉంటుంది. కొన్నిటికి కొలత వసూలు ఖర్చు, కొన్నిటికి చిల్లర నాణెం, కొన్నిటికి మనిషి హోదా. ఆ కొలత మారినా, చిన్నవి లెక్కకు మించి పోగుపడినా తీర్పు తిరగబడుతుంది. పార్సిళ్ల విషయంలో జరిగింది అదే.

వసూలు కంటే ఖర్చు ఎక్కువైతే

అమెరికాలో ఈ మినహాయింపు 1938లో మొదలైంది. 1930 నాటి సుంకాల చట్టానికి చేసిన సవరణ అది. అప్పటి హద్దు ఒక్క డాలరు. డాలరు విలువ చేసే వస్తువు మీద కొన్ని సెంట్ల సుంకం రాబట్టాలంటే గుమాస్తా సమయం, కాగితం, రసీదు, తనిఖీ అన్నీ కావాలి. ఖజానాకు వచ్చేదాని కంటే అయ్యే ఖర్చే ఎక్కువ. అందుకని వదిలేయడమే మేలనుకున్నారు. అంటే ఆ వస్తువు కొన్నవాడికి విలువ లేనిదని కాదు, వసూలు చేసేవాడికి గిట్టుబాటు కానిదని.

ఆ హద్దు 1990ల్లో 200 డాలర్లకు, 2016లో 800 డాలర్లకు పెరిగింది. ఆ కాలంలోనే ఆన్‌లైన్ షాపింగ్ పుంజుకుంది. చైనా గోదాముల నుంచి టీషర్టు, ఫోన్ కవర్, చెప్పుల జత వేటికవి విడి ప్యాకెట్లలో నేరుగా ఇళ్లకు చేరడం మొదలైంది. ఈ దారిన అమెరికాలోకి వచ్చిన ప్యాకెట్లు 2015లో 13 కోట్ల పైచిలుకు ఉంటే, 2024 నాటికి 130 కోట్లు దాటాయి. ఒక్కో ప్యాకెట్‌ను విడిగా చూస్తే ఇప్పటికీ చిన్నదే. అయితే ఇది చిన్నదన్న తీర్పు ఒక్కో ప్యాకెట్ మీద ఇచ్చినది, మార్కెట్ మీద పడిన ప్రభావం మాత్రం 130 కోట్ల ప్యాకెట్లది. ఒకే సరుకును కంటైనర్‌లో తెచ్చి సుంకం కట్టే దుకాణదారు, విడివిడిగా పంపించి సుంకం తప్పించుకునే కంపెనీతో పోటీ పడాల్సి వచ్చింది. ప్యాకెట్ల వరదలో మత్తుపదార్థాలు కూడా దాటిపోతున్నాయన్న వాదన దీనికి తోడైంది. 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకు, ఆగస్టు 29న మిగతా దేశాల సరుకుకు తలుపు మూశారు.

ఇది ఒక్క అమెరికాకే పరిమితం కాలేదు. ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1నే తీసేసింది. 150 యూరోల లోపు వస్తువులకు ఉన్న సుంకం మినహాయింపును కూడా ఎత్తేయడానికి 2025 నవంబరులో అక్కడి ఆర్థిక మంత్రులు ఒప్పుకున్నారు. సుంకం లెక్క కంప్యూటర్ వేస్తున్నప్పుడు, విక్రేత వెబ్‌సైట్‌లోనే వసూలు చేసే వీలున్నప్పుడు, వసూలుకు అయ్యే ఖర్చు తగ్గిపోతుంది. 1938 నాటి వాదనకు అసలు బలమే ఆ ఖర్చు.

దెబ్బ ఎక్కువగా తగిలింది చిన్న అమ్మకందార్లకు. ఇండియా పోస్ట్ అక్టోబరు 15న మళ్లీ పార్సిళ్లు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు, ప్రకటించిన విలువలో 50 శాతం సుంకాన్ని బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతి పెట్టింది. ఆ లెక్కన మంగళగిరి నుంచి 4,000 రూపాయల చేనేత చీర అమ్మి పంపితే సుంకమే 2,000 రూపాయలు అయ్యేది. పెద్ద ఎగుమతిదారు ఆ భారాన్ని ధరల బేరంలో ఎంతో కొంత సర్దుకోగలడు. ఇంట్లో కూర్చుని నెలకు పది చీరలు పంపే మహిళకు ఆ వెసులుబాటు ఉండదు. ఆమె వ్యాపారం మొత్తం నడిచిందే ఆ 'అతి చిన్న' అనే మాట నీడలో.

పక్కవాడి సిరాలో ముంచిన కలం

డి మినిమిస్ అనే మాట పూర్తి రూపం 'డి మినిమిస్ నాన్ క్యురాట్ లెక్స్'. అల్పమైన విషయాలను చట్టం పట్టించుకోదు అని దాని భావం. మన చట్టంలో ఇది పాతదే. భారత శిక్షాస్మృతిలో 95వ సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 33వ సెక్షన్ అయింది. మామూలు బుద్ధి, మామూలు ఓర్పు ఉన్న మనిషెవరూ ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదు అన్నది దాని సారం.

మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో ముసాయిదా తయారు చేసినప్పుడు, ఇలాంటి సెక్షన్ ఎందుకు కావాలో చెప్పడానికి కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. వేరొకరి సిరాలో కలం ముంచితే, అక్షరాలా చూస్తే అది దొంగతనమే. గుర్రం మీద పక్కనుంచి దూసుకుపోయి ఒకరి మీద దుమ్ము లేపితే అది దౌర్జన్యం. బండి ఎక్కుతూ పక్కవాణ్ని ఒరుసుకుంటే అది గాయపరచడం. నిర్వచనాలను ఎంత జాగ్రత్తగా రాసినా ఇలాంటివి వాటి కిందికి వస్తూనే ఉంటాయి. వీటిని నేరాల నుంచి వేరు చేయడానికి మాటల్లో గీత గీయడం సాధ్యం కాదు. అందుకే ఆ పని మామూలు మనిషి ఓర్పుకు అప్పగించారు. డాలర్ల హద్దు కంటే ఇది తెలివైన కొలత, ఎందుకంటే కాలంతో పాటు అదీ మారుతుంది.

1966లో సుప్రీంకోర్టు దీనికి మరికొంత స్పష్టత ఇచ్చింది. ఒక గొడవలో విసిరిన కాగితాల ఫైలు ఒకరి మోచేతికి తగిలి గీరుకుంది. ఇది శిక్షించాల్సిన నేరమా, వదిలేయదగ్గ స్వల్ప హానా? స్వల్ప హానే అని కోర్టు తేల్చింది. అయితే దెబ్బ ఎంత లోతుగా ఉందో చూస్తే చాలదని కూడా చెప్పింది. హాని స్వభావం, ఇద్దరి హోదా, వారి మధ్య సంబంధం, చేసినవాడి ఉద్దేశం, సందర్భం ఇవన్నీ చూడాలి. అదే గీరును ఒకరిని నలుగురిలో అవమానించాలని చేసి ఉంటే, దెబ్బ చిన్నదైనా నేరం చిన్నది కాకపోవచ్చు.

పెట్టీ: సైజు నుంచి బుద్ధి దాకా

ఈ గుంపులో తెలుగు నేలకు బాగా అలవాటైన మాట పెట్టీ. తాగి గొడవ చేసినా, రోడ్డుకు అడ్డంగా బండి పెట్టినా పోలీసులు పెట్టే చిన్న కేసు 'పెట్టీ కేసు'. ఆఫీసులో టీలకు, ఆటో చార్జీలకు విడిగా ఉంచే డబ్బు 'పెట్టీ క్యాష్'. నౌకాదళంలో 'పెట్టీ ఆఫీసర్' గౌరవమైన హోదా. ఫ్రెంచ్‌లో చిన్న అని చెప్పే మామూలు మాట నుంచి వచ్చింది కాబట్టి, మొదట్లో ఇందులో తక్కువ చేసి చూడటం ఏమీ లేదు.

ఇంగ్లండ్ చట్టంలో ఈ మాట మీద ప్రాణాలే ఆధారపడ్డాయి. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం నుంచి దొంగతనం రెండు రకాలైంది. పన్నెండు పెన్నీల లోపు విలువైనది 'పెట్టీ', ఆ పైది 'గ్రాండ్'. గ్రాండ్ దొంగతనానికి ఉరి. ఆ నాటికి పన్నెండు పెన్నీలంటే పెద్ద మొత్తమే. తర్వాతి శతాబ్దాల్లో ధరలు పెరిగాయి, డబ్బు విలువ పడిపోయింది, హద్దు మాత్రం అక్కడే ఆగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దానికి వచ్చేసరికి ఒక మామూలు బట్ట ముక్క దొంగిలించినా మెడకు ఉరి చుట్టుకునే పరిస్థితి. అప్పుడు జ్యూరీలు తమకు తోచిన దారి వెతుక్కున్నాయి. పోయిన వస్తువు ఎంత విలువైనదో తెలిసి కూడా పది పెన్నీలనో, పదకొండు పెన్నీలనో తీర్పు రాసేవి. న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్ దీన్ని పుణ్యం కోసం ఆడిన అబద్ధంగా వర్ణించాడు. ప్రమాణం చేసిన పన్నెండు మంది కలిసి కావాలని విలువ తగ్గించి రాస్తే తప్ప చట్టం మనుషులకు సరిపడలేదు. ఈ విభజన చివరకు 1827లో రద్దయింది.

డబ్బు లెక్కలో పెట్టిన ప్రతి హద్దుకూ ఈ ప్రమాదం ఉంది. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ అలాంటి గీత ఒకటి గీశారు. మొదటిసారి దోషిగా తేలి, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దాన్ని తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ శిక్ష వేస్తారు. మంచి ఏర్పాటే. అయితే పదేళ్ల తర్వాత 5,000 రూపాయలకు ఎంత విలువ ఉంటుందన్నది చట్టంలో లేదు. ఎప్పటికప్పుడు సవరించకపోతే ఈ గీత కూడా దానంతట అదే కిందికి జారిపోతుంది.

అదే సంహితలో 112వ సెక్షన్ ఈ మాటను ఇంకో రకంగా వాడింది. ముఠాగా ఏర్పడి చేసే దొంగతనాలు, గొలుసు లాక్కోవడం, టికెట్ల అక్రమ అమ్మకం, జూదం వగైరాలను 'పెట్టీ ఆర్గనైజ్డ్ క్రైమ్' అంది. పబ్లిక్ పరీక్షల ప్రశ్నపత్రాలు అమ్మడం కూడా ఆ జాబితాలోనే ఉంది. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు. హత్యలు, కిడ్నాప్‌లు చేసే పెద్ద ముఠాలతో పోల్చి పెట్టిన పేరు ఇది. తెలంగాణలో పేపర్ లీక్ వల్ల 2023లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు, ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుని రాసిన అభ్యర్థులకు అది ఏ కొలతలోనూ పెట్టీ కాదు. పేరు పెట్టేవాడి దృష్టిలో చిన్నది, నష్టపోయినవాడి దృష్టిలో చిన్నది కాకపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మనిషిని పట్టుకుని పెట్టీ అంటే అర్థం పూర్తిగా వేరు. చిన్న విషయాలకు పంతం పట్టే అల్పబుద్ధి అని తిట్టినట్టే. చిన్నతనాన్ని చెప్పే మాటలు చాలావరకు ఈ దారిలోనే నడిచాయి. మొదట వస్తువు చిన్నది, తర్వాత దాన్ని పట్టించుకునే మనిషి చిన్నవాడు.

చిల్లర నాణేలు, కోళ్ల మేత

డబ్బు నుంచి పుట్టిన మాటలకు వివరణ తక్కువే చాలు, ఎందుకంటే తెలుగులోనూ అదే పద్ధతి ఉంది. దమ్మిడీ విలువ చేయదు, చిల్లిగవ్వ లేదు, పైసాకు కొరగాడు అంటాం. చెలామణిలోంచి పోయిన నాణేలు సామెతల్లో బతుకుతాయి. పెన్నీలో నాలుగో వంతైన ఫార్తింగ్ 1960తో ఇంగ్లండ్‌లో ఆగిపోయింది, 'ఫార్తింగ్ విలువ లేదు' అనే మాట ఆగలేదు.

వీటిలో పికయూన్ కథ కొంచెం భిన్నం. అమెరికాలో లూసియానా ప్రాంతంలో చెలామణి అయిన చిన్న స్పెయిన్ నాణెం పేరు అది, సుమారు ఆరుంపావు సెంట్లు. 1837లో న్యూ ఆర్లీన్స్‌లో ఆ నాణెం ధరకే ఒక దినపత్రిక మొదలై, దాని పేరే పెట్టుకుంది. చవకగా అందరికీ అందుతుంది అన్నది ఆ పేరులోని గర్వం. నాణెం పోయింది. పత్రిక పేరులో ఆ మాట నేటికీ ఉంది. వాడుకలో మాత్రం పికయూన్ అంటే పనికిమాలిన చిల్లర విషయం.

పీనట్స్, చికెన్ ఫీడ్, స్మాల్ పొటేటోస్ అనేవి పల్లెల నుంచి వచ్చినవి. వేరుశనగ పప్పులు, కోళ్ల మేత, చిన్న బంగాళాదుంపలు. స్మాల్ ఫ్రై అంటే వేపుడు కాదు, చేపపిల్లలు. పెద్ద నేరస్తుణ్ని వదిలి చిల్లర దొంగల్ని పట్టుకున్నారనే సందర్భంలో ఆ మాట ఎక్కువగా వినిపిస్తుంది. 'జీతం పీనట్స్' అంటే తక్కువని చెప్పడంతో పాటు, అంత తక్కువ ఇవ్వడం అన్యాయమనే నిరసన కూడా ఉంటుంది. జీతం నెగ్లిజిబుల్ అంటే ఆ నిరసన వినపడదు.

మూడు దారుల కూడలి

ట్రివియల్‌కు మూలం లాటిన్‌లో మూడు దారులు కలిసే చోటు. కూడలిలో దొరికేది, అందరికీ తెలిసినది, కాబట్టి మామూలుది. మధ్యయుగపు ఐరోపా విద్యలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం కలిసిన మొదటి మెట్టును కూడా ట్రివియం అనేవారు. అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం ఆ తర్వాతి మెట్టు. ఇక్కడ కొలత సైజుది కాదు, అరుదుది. అందరికీ అందుబాటులో ఉన్నది తక్కువది అనే భావన ఇందులో ఉంది. భాష నేర్పే వ్యాకరణం కింది మెట్టున ఉండటం వల్ల దాని విలువ తగ్గిపోదు, అయినా మాటకు ఆ నీడ పడింది.

గణితంలో ట్రివియల్ వేరే పని చేస్తుంది. సమీకరణంలో అన్నీ సున్నాలు పెడితే వచ్చే జవాబు ట్రివియల్ సొల్యూషన్. రీమాన్ జీటా ఫంక్షన్‌కు మైనస్ 2, మైనస్ 4, మైనస్ 6 దగ్గర వచ్చే సున్నాలు ట్రివియల్ జీరోలు. అవి అప్రధానం అని కాదు, తేలిగ్గా తేలిపోయేవి అని.

పొల్లు, సున్న

చిన్నవాటి పేర్లన్నీ తీసిపారేయడానికే పుట్టలేదు. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం నుంచి ఇంగ్లిష్ బైబిల్ ప్రకారం ఒక్క 'జాట్', ఒక్క 'టిటిల్' కూడా తప్పిపోదు. జాట్ అంటే గ్రీకులో అతి చిన్న అక్షరం ఐయోటా. టిటిల్ అంటే అక్షరం మీది చిన్న గీత. తెలుగు అనువాదకులు అక్కడ 'ఒక పొల్లయినను ఒక సున్నయైనను' అని రాశారు. తెలుగు లిపిలో అతి చిన్న గుర్తులు అవే. వాటి పని తెలిసినవాళ్లు చేసిన ఎంపిక అది, ఎందుకంటే సున్న తీసేస్తే బండి బడి అవుతుంది.

క్రీ.శ. 325లో జరిగిన క్రైస్తవ మతపెద్దల నైసియా మహాసభ తర్వాత రేగిన వివాదంలోనూ అంతే. క్రీస్తుది తండ్రితో ఏకతత్వమా, తండ్రిని పోలిన తత్వమా అనే వాదంలో రెండు గ్రీకు పదాల మధ్య తేడా ఒక్క ఐయోటా. దాని మీద క్రైస్తవ సంఘం దశాబ్దాల తరబడి చీలి ఉంది.

వదిలేసిన బుడగ

విజ్ఞానశాస్త్రంలో ఎక్కువగా వాడే మాట నెగ్లిజిబుల్, అంటే పట్టించుకోకపోయినా ఫలితం మారదని చెప్పడం. ఇది మిగతావాటికంటే నిజాయితీ ఉన్న మాట, ఎందుకంటే దేనితో పోలిస్తే అని అడగవచ్చు.

1785లో హెన్రీ కావెండిష్ గాలిలోని నత్రజనిని విద్యుత్ మెరుపుల సాయంతో ఆక్సిజన్‌తో కలిపి పూర్తిగా తొలగించే ప్రయోగం చేశాడు. ఎన్నిసార్లు చేసినా చివర్లో ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. అది మొత్తంలో 120వ వంతుకు మించదని రాసిపెట్టాడు. వందేళ్లకు పైగా ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1890ల్లో లార్డ్ రేలీ గాలి నుంచి తీసిన నత్రజని, రసాయనాల నుంచి తయారుచేసిన నత్రజని కంటే సుమారు అరశాతం బరువుగా ఉన్నట్టు చూశాడు. ప్రయోగంలో దొర్లే పొరపాటు అనుకుని వదిలేయదగ్గ తేడా అది. ఆయన మళ్లీ మళ్లీ తూచాడు, తేడా పోలేదు. 1894లో ఆయన, విలియం రామ్సే కలిసి ఆ బుడగలో ఉన్నది కొత్త మూలకమని తేల్చారు. అదే ఆర్గాన్, గాలిలో దాదాపు ఒక శాతం. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. కావెండిష్ ఆ 120వ వంతును చిన్నదని చెరిపేయకుండా నమోదు చేయడం వల్ల తర్వాతివాళ్లకు మరో ఆధారం దొరికింది.

ఇదే వరుసలో ఎక్కువ మందిని పక్కదారి పట్టించే మాట 'ఇన్‌సిగ్నిఫికెంట్'. మామూలు వాడుకలో దానికి అప్రధానం అని అర్థం. గణాంకశాస్త్రంలో మాత్రం, కనిపించిన తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో ఈ డేటాతో తేల్చలేమని అర్థం. యాభై మంది మీద చేసిన మందు పరీక్షలో ఫలితం ఇన్‌సిగ్నిఫికెంట్ అని వస్తే, వార్తల్లో 'మందు పనిచేయలేదు' అని రాసేస్తారు. అది సరైన అనువాదం కాదు. రోగుల సంఖ్య తక్కువైనందువల్ల పెద్ద ప్రభావం కూడా తేలకపోయి ఉండొచ్చు. తిరగేసి చూస్తే, లక్షల మంది మీద చేసిన పరీక్షలో ఎవరికీ ఉపయోగపడనంత చిన్న తేడా కూడా సిగ్నిఫికెంట్‌గా వస్తుంది.

ఆఫీసు మెయిల్‌లో ఏది వాడాలి

మొత్తాల గురించి రాస్తున్నప్పుడు నెగ్లిజిబుల్ సరిపోతుంది, దేనితో పోలిస్తే అనేది పక్కనే ఉంటే. పనిలో దొర్లిన చిన్న లోపానికి మైనర్ చాలు. ఒకరి ఫిర్యాదును ట్రివియల్ అనో పెట్టీ అనో అంటే, ఫిర్యాదుతో పాటు మనిషిని కూడా తక్కువ చేసినట్టే వినిపిస్తుంది. నుగేటరీ అనే మాట ఆడిట్ నివేదికల్లో కనిపిస్తుంది. చిల్లర విషయాలు అనే లాటిన్ మాట నుంచి వచ్చినా, అక్కడ దానికి అర్థం ఫలితం లేకుండా పోయిన ఖర్చు. అది కోట్లలో కూడా ఉండొచ్చు, కాబట్టి స్వల్పమైన ఖర్చు అని అనువదిస్తే నివేదిక అర్థమే తలకిందులవుతుంది.

సాఫ్ట్‌వేర్ టీముల్లో ఇబ్బంది మరో రకం. బగ్గులు, అంటే ప్రోగ్రామ్‌లోని లోపాలు, నమోదు చేసే పాత టూల్స్‌లో తీవ్రత వరుసలో చివరిది ట్రివియల్, అంటే పట్టించుకోకపోయినా నడిచేది. డెవలపర్ నోటి మాటగా 'ఇది ట్రివియల్' అంటే సరిచేయడం తేలిక అని. బిల్లులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే, సరిచేయడానికి ఒక్క అక్షరం మారిస్తే చాలు, మొదటి అర్థంలో మాత్రం అది అత్యంత తీవ్రమైన బగ్. బగ్‌ను నమోదు చేసే టికెట్‌లో తీవ్రతకు ఒక గడి, సరిచేసే శ్రమకు ఇంకో గడి వేరుగా ఉంచితే, టెస్టర్ ఒకటి రాసి డెవలపర్ మరొకటి చదివే సమస్య తీరుతుంది.